కింది పళ్ల సెట్టు నిలవడం లేదా? రెండు ఇంప్లాంట్ల సంగతి తెలుసుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే బాధ. పళ్ల సెట్టు, అందులోనూ కింది సెట్టు, నోట్లో ఒకచోట నిలవడం లేదని. అందుకే మిగతావి వచ్చేసారికి ఉంచి ఈ ఒక్క విషయమే తీసుకున్నాను. మొదటి జవాబు బాగా పెద్దది, కానీ తర్వాతి ప్రశ్నలకు కావలసిన సంగతులు చాలావరకు అందులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని దాటేయకండి.

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మకు 71 ఏళ్లు. అయిదేళ్ల కిందట పళ్లన్నీ తీసేసి పైనా కిందా సెట్లు పెట్టారు. పైది బాగానే ఉంది, కిందదే ఒక్క రోజు కూడా సరిగ్గా కూర్చోలేదు. మాట్లాడుతుంటే పైకి లేస్తుంది, నవ్వితే జారుతుంది, దగ్గితే చేతిలోకి వచ్చేస్తుంది. ఇప్పటికి మూడుసార్లు కొత్తది చేయించాం, డాక్టర్నీ మార్చాం. రోజుకి మూడు నాలుగుసార్లు జిగురు రాసుకుంటుంది. నలుగురిలో తినాల్సి వస్తే ఆకలి లేదని చెప్పేస్తుంది, ఇంటికొచ్చాక ఒక్కతే కూర్చుని తింటుంది. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు ఒక డాక్టరు కింద రెండు ఇంప్లాంట్లు పెట్టి సెట్టుని వాటికి పట్టేలా చేద్దాం అంటున్నారు. ఇంకొకరు రెండు చాలవు, ఆరు పెట్టి ఫిక్స్‌డ్ పళ్లు కట్టేద్దాం అంటున్నారు. మా తమ్ముడేమో ఈ వయసులో అమ్మకి ఆపరేషన్లు ఎందుకక్కా, అందరికీ టెన్షన్ తప్ప అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు అమ్మగారికి ఒక మాట చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. సెట్టు నిలవకపోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. అందరూ పెట్టుకుని తిరుగుతున్నారు, నీకే ఎందుకు కుదరట్లేదు అని ఇంట్లోవాళ్లూ అంటారు, ఒక్కోసారి మా డాక్టర్లమూ అనేస్తాం, అది విని విని పెద్దవాళ్లు తమకే చేతకావడం లేదని నిజంగా నమ్మేస్తారు. మూడు సెట్లు చేసినవాళ్లు కూడా బహుశా పని బాగానే చేసి ఉంటారు. చిక్కంతా ఆ సెట్టు కూర్చునే చోటులో ఉంది.

పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పుతుంది. మధ్యలో పలుచటి లాలాజలం పొర, చుట్టూ అంచు గాలి చొరబడకుండా మూసుకోవడం, ఈ రెండూ కలిసి దాన్ని పీల్చి పట్టుకున్నట్టు ఉంచుతాయి. కింద అలా కుదరదు. మధ్యలో నాలుక ఉంది, అందుకని కింది సెట్టు గుర్రపు నాడాలా సన్నగా ఉంటుంది, దానికి దొరికే చోటు పైదానితో పోలిస్తే దాదాపు సగమే. పైగా నాలుక కదిలినప్పుడల్లా ఒక తోపు, బుగ్గ కదిలినప్పుడల్లా ఇంకో తోపు, మింగినప్పుడు నోటి అడుగు పైకి లేచి కింది నుంచి ఎత్తేస్తుంది. ఇన్ని తోపుల మధ్య కింది సెట్టు నిలబడటానికి ఉన్న ఆధారమల్లా చిగురు కింద గట్టులా ఉండే ఎముకే.

ఆ గట్టే అరిగిపోతుంది. పన్ను వేరు ఉన్నంతకాలం దాని చుట్టూ ఉన్న ఎముకకు పని ఉంటుంది, పన్ను తీసేశాక ఆ పని పోతుంది, శరీరం ఆ ఎముకను మెల్లగా కరిగించేస్తుంది. మొదటి ఏడాదిలో ఎక్కువ కరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ జీవితాంతం ఆగదు. పాతికేళ్లపాటు ఒకే మనుషుల ఎక్స్‌రేలు తీసి చూసిన పరిశోధనలో కింది దవడ పై దవడ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరిగినట్టు తేలింది. అంటే కొత్త సెట్టు చేయించిన ప్రతిసారీ అమ్మగారి సెట్టు ముందటి కంటే ఇంకాస్త తగ్గిపోయిన గట్టు మీద కూర్చుంటోంది. నాలుగోసారి చేయించినా ఇదే జరుగుతుంది, అందుకే మళ్లీ కొత్త సెట్టు కోసం డబ్బు పెట్టే ముందు ఆగమంటాను.

ఇంప్లాంట్ అంటే టైటేనియంతో చేసిన చిన్న స్క్రూ. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు కాలి ఎముకలో టైటేనియం పరికరం పెట్టి వేరే ప్రయోగం చేస్తూ, చివర్లో దాన్ని తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంది. అదే ఈ వైద్యానికి మూలం. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టారు, ఆయన 2006లో చనిపోయేదాకా నలభై ఏళ్లు వాటితోనే తిన్నారు. అమ్మగారి విషయంలో ఇది ఇంకో మేలు కూడా చేస్తుంది. స్క్రూ చుట్టూ ఉన్న ఎముకకు మళ్లీ పని దొరుకుతుంది కాబట్టి ఆ చుట్టుపక్కల అరుగుదల బాగా తగ్గుతుంది.

ఇక రెండా, ఆరా అన్న మాట. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఈ రంగం నిపుణులు కూర్చుని, కింది దవడలో పళ్లేమీ లేనివాళ్లకు మామూలు సెట్టు ఇకమీదట మొదటి ఎంపిక కాకూడదని, రెండు ఇంప్లాంట్లు పట్టుకునే సెట్టే మొదటి ఎంపిక కావాలని ఒక ప్రకటన చేశారు. 2009లో ఇంగ్లాండ్‌లోని యార్క్‌లోనూ అలాంటి మాటే అన్నారు. కాబట్టి రెండు చాలవు అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోవద్దు. ఆ రెండూ దవడ ముందు భాగంలో, అటూ ఇటూ కోరపళ్లు ఉండే చోట్ల పెడతారు. పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం కోరపళ్లకు కొంచెం వెనక ఎముకలోంచి బయటికి వస్తుంది, దానికి ముందు వైపు ఉంటే నరానికి దెబ్బ తగిలే ప్రమాదం తక్కువ, పైగా వెనక ఎముక పూర్తిగా అరిగిపోయినవాళ్లకు కూడా అక్కడ సాధారణంగా తగినంత మిగిలి ఉంటుంది.

ఇంప్లాంట్ మీద చిగురు పైకి ఒక చిన్న తల కనిపిస్తుంది, సెట్టు లోపలివైపు సరిగ్గా దానికి ఎదురుగా ఒక గూడు ఉంటుంది, టిచ్ బటన్ నొక్కినట్టు నొక్కితే టక్కున పట్టేస్తుంది. తల గుండ్రంగా ఉంటే బాల్ అంటారు, పొట్టిగా బిళ్లలా ఉంటే లొకేటర్ అంటారు. కొన్నిసార్లు రెండిటినీ కలుపుతూ ఒక సన్నటి కడ్డీ వేసి, సెట్టులో క్లిప్పు పెడతారు. ఏది పెట్టాలన్నది నోట్లో ఉన్న ఎత్తును బట్టి, ఇంప్లాంట్లు ఎంత నిటారుగా కుదిరాయన్నదాన్ని బట్టి డాక్టరు చెబుతారు, ఆ వివరం గురించి మీరు మరీ బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. కానీ ఒకటి మాత్రం తప్పకుండా అడగండి. అమ్మగారి వేళ్లలో బలం ఎలా ఉంది? కీళ్లవాతం ఉందా, చేతులు వణుకుతాయా? పట్టు మరీ గట్టిగా ఉంటే సెట్టు తీయలేక ఏడ్చేవాళ్లను చూశాను. సెట్టు గూటిలో ఒక చిన్న నైలాన్ రింగు ఉంటుంది, పట్టు వదులుగా, మధ్యస్తంగా, గట్టిగా ఉండే రింగులు వేర్వేరుగా దొరుకుతాయి, మొదట తేలిక రింగుతో మొదలుపెట్టమని చెప్పవచ్చు.

ఆరు పెట్టి ఫిక్స్‌డ్ చేయడం తప్పు వైద్యం కాదు, కొందరికి అదే సరైనది. నోట్లోంచి తీసే వస్తువు ఉండటమే మనసుకు భరించలేనివాళ్లు ఉంటారు, వాళ్లకు అది బాగుంటుంది, నాలుగింటి మీద కట్టే పద్ధతి కూడా ఉంది. కానీ ఖర్చు చాలా ఎక్కువ, ఆపరేషన్ పెద్దది, అన్నిటికంటే ముఖ్యం, దాని కింద రోజూ శుభ్రం చేసుకోవడం కష్టం. చూపు తగ్గి, చేతులు సహకరించని వయసులో, లేదా రేపు వేరేవాళ్లు నోరు కడగాల్సి వచ్చినప్పుడు, తీసి కడిగే సెట్టే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. ఆరు అన్న డాక్టరును "మా అమ్మకు రెండు ఎందుకు సరిపోవు?" అని సూటిగా అడగండి. ఎముక స్కాన్ ముందు పెట్టి కారణం చూపిస్తే వినండి. అందరికీ ఇదే చేస్తాం అంటే ఇంకో చోట చూపించుకోండి.

తమ్ముడికి చెప్పండి, 71 అన్నది అడ్డంకి కాదు. ఎనభైల్లో ఉన్నవాళ్లకు కూడా ఇంప్లాంట్లు కుదురుతున్నాయి. చూడాల్సింది ఒంట్లో జబ్బులు, వాడే మందులు, పొగతాగే అలవాటు. పన్ను తీసినప్పటిలాగే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, స్పృహలోనే ఉంటారు, రెండు మూడు రోజులు వాపూ నొప్పీ ఉండొచ్చు. ఎముక పట్టుకోవడానికి కింది దవడలో మామూలుగా రెండు మూడు నెలలు ఆగుతారు. అప్పటిదాకా పాత సెట్టునే లోపల కాస్త తొలిచి, మెత్తటి పొర వేసి వాడుకోనిస్తారు, కాబట్టి దాన్ని పారేయకండి. ప్రమాదమే లేదని నేను అనను. ఇన్ఫెక్షన్ రావచ్చు, అరుదుగా పెదవి మొద్దుబారవచ్చు, ఒక్కోసారి ఎముక పట్టుకోక ఇంప్లాంట్ తీసేయాల్సి రావచ్చు. అయినా కింది దవడ ముందు భాగంలో నూటికి 95కి పైగా నిలుస్తాయి.

ఎంత ఆశించాలో కూడా ముందే చెప్పాలి. ఈ సెట్టు ఇంకా చిగురు మీదే కూర్చుంటుంది, వెనక భాగం నమిలేటప్పుడు కొంచెం కదులుతుంది, సొంత పళ్లలా ఉండదు. కానీ దగ్గినా నవ్వినా ఊడి రాదు. అమ్మగారు అడుగుతున్నది అదే కదా.

జిగురు గురించి ఒక హెచ్చరిక. రోజుకి నాలుగుసార్లు రాయడం మంచిది కాదు. కొన్ని జిగుర్లలో జింక్ ఉంటుంది, ఏళ్ల తరబడి ఎక్కువగా వాడితే అది ఒంట్లో రాగిని తగ్గించేసి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, నడక తడబడటం దాకా తీసుకెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఈ లోపు జింక్ లేనిది చూసి, రోజుకి ఒక్కసారి, కొంచెమే వాడమనండి.

ప్రశ్న: నా సెట్టు చేయించి ఏడాదే అయింది. ఇంప్లాంట్లు పెట్టిస్తే దీన్ని పడేసి మళ్లీ కొత్తది చేయించుకోవాలా?

జవాబు: అక్కర్లేకపోవచ్చు. పళ్లు సరిగ్గా కలుస్తూ, సెట్టు చిగురుకి బాగా అమరి ఉంటే, అందులోనే గూళ్లు తొలిచి, ఇంప్లాంట్ తలల మీద మూతలు పెట్టి, మీరు కొరికిపట్టి ఉండగానే కుర్చీలోనే అతికిస్తారు. అయితే ఆ చోట సెట్టు మందం తగినంత ఉండాలి. పలుచగా ఉన్నదాన్ని తొలిస్తే కొన్ని నెలల్లో సరిగ్గా ఆ గూటి దగ్గరే పగులుతుంది, అలా పగిలినవి నేను చాలా చూశాను. మందం చాలకపోతే లోపల లోహపు జాలీ వేసి కొత్తది చేయించుకోవడమే నయం.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. మా ఆవిడ ఎముకలు గుల్లబారాయని ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ చేయించుకుంటోంది. మా ఇద్దరికీ కింది సెట్లు వదులే. మేము ఇంప్లాంట్ల గురించి ఆలోచించవచ్చా?

జవాబు: ఆలోచించవచ్చు, కానీ మందుల చీటీలన్నీ డెంటిస్టు ముందు పెట్టాకే. ఈ విషయంలో ఏదీ దాచకండి, ఇది పళ్లకు సంబంధం లేని మందులే అని మీకు అనిపించినవి కూడా.

షుగర్ అదుపులో ఉంటే ఇంప్లాంట్ బాగానే పడుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష 7 దగ్గర్లో ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్తాం. 8 దాటితే నేనైతే ఆపి, ముందు షుగర్ దారికి తెచ్చుకుని రమ్మంటాను, ఎందుకంటే గాయం మానడం ఆలస్యమై ఇన్ఫెక్షన్ పట్టుకుంటే కష్టపడేది మీరే. రక్తం పలచబడే మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. పంటి పనికని నాలుగు రోజులు మానేసి స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. చిగురు నుంచి వచ్చే రక్తాన్ని మేము కుట్లతో, దూదితో ఆపగలం. ఎలా చేయాలో మీ గుండె డాక్టరు, డెంటిస్టు మాట్లాడుకుని తేలుస్తారు, స్టెంట్ వేసి కొద్ది నెలలే అయి ఉంటే ఇంకొన్నాళ్లు ఆగమనవచ్చు.

మీ ఆవిడగారి సంగతి కాస్త జాగ్రత్తగా చదవండి. ఎముకల బలానికి ఇచ్చే కొన్ని మందులు ఎముక తనను తాను మరమ్మతు చేసుకునే పనిని తగ్గిస్తాయి. అరుదుగా దవడలో గాయం మానకుండా ఎముక బయటపడి చచ్చుపడిపోతుంది. ఎముకల గుల్లదనానికి వాడే మోతాదులో ఆ ప్రమాదం చాలా తక్కువ. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఇచ్చే పెద్ద మోతాదులో చాలా ఎక్కువ, వాళ్లకు మేము ఇంప్లాంట్లు పెట్టం. ఆవిడకు ఏ మందు, ఎన్నాళ్ల నుంచి, చివరి డోసు ఎప్పుడు అన్నవి రాసుకుని వెళ్లండి. ఇంప్లాంట్ కోసమని ఆ ఇంజెక్షన్ మాత్రం మానేయొద్దు. ఆరు నెలలకోసారి ఇచ్చేదాన్ని మధ్యలో ఆపితే ఎముక ఒక్కసారిగా బలహీనపడి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

పొగతాగే అలవాటు ఉంటే కనీసం రెండు వారాల ముందు నుంచీ, పెట్టాక రెండు నెలలదాకా పూర్తిగా మానాలి. మళ్లీ మొదలుపెట్టకపోతే ఇంకా సంతోషం. తలకో మెడకో రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఆ సంగతి మొదటి మాటగా చెప్పాలి.

ప్రశ్న: నాకు పై సెట్టే వదులు. పైన కూడా రెండు ఇంప్లాంట్లు చాలా?

జవాబు: చాలవు. పై దవడ ఎముక మెత్తన, వెనక భాగంలో ఎముక పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది, అందుకని పైన కనీసం నాలుగు కావాలంటారు, ఎముక పట్టుకోవడానికి కూడా ఇంకాస్త ఎక్కువ కాలం ఆగుతారు. నాలుగు బాగా కుదిరితే అంగిలి కప్పే భాగాన్ని కోసేయవచ్చు, రుచీ వేడీ మళ్లీ తెలుస్తాయి, వాంతి వచ్చినట్టుండే బాధ ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట. కానీ పై సెట్టు వదులుకు ముందు మామూలు కారణాలు చూడండి. నోరు ఎండిపోవడం, అంచు పొట్టి కావడం, లోపలి భాగం అరగడం వంటివైతే రీలైనింగ్‌తోనే, అంటే సెట్టు లోపలివైపు చిగురుకి అమరేలా కొత్త పొర వేయడంతోనే సరిపోవచ్చు.

ప్రశ్న: రెండేళ్ల కిందట రెండు ఇంప్లాంట్లతో కింది సెట్టు పెట్టించుకున్నాను. మొదట టక్కున పట్టేది. ఇప్పుడు నాలుకతోనే తీసేయగలుగుతున్నాను. ఇంప్లాంట్లు పాడయ్యాయా అని భయంగా ఉంది. మళ్లీ అంత ఖర్చు పెట్టలేను.

జవాబు: భయపడకండి, నూటికి తొంభై పాళ్లు అది నైలాన్ రింగు అరగడమే అయి ఉంటుంది. సెట్టు గూటిలో ఉండే ఆ చిన్న రింగు రోజూ తీసి పెట్టడం వల్ల అరిగిపోతుంది, చాలామందికి ఏడాదికి ఒకసారి మార్చాలి, కొందరికి ఇంకా ముందే. అయిదు పది నిమిషాల పని, ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఇంప్లాంట్లు పెట్టించుకునేటప్పుడే ఈ మాట ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది, చెప్పి ఉంటే మీకు ఇన్నాళ్ల భయం తప్పేది.

సెట్టు తీసి, శుభ్రమైన వేలితో ఇంప్లాంట్ తలను కదిపి చూడండి. అది గట్టిగా ఉండి సెట్టు మాత్రమే వదులైతే రింగు సంగతే. తల ఒక్కటే తిరుగుతుంటే లోపలి స్క్రూ వదులై ఉండొచ్చు, అదీ బిగించవచ్చు. ఇంప్లాంటే కదిలినా, చుట్టూ చిగురు ఎర్రగా వాచి, నొక్కితే చీమో రక్తమో వచ్చినా ఆ వారంలోనే వెళ్లండి. వెనకవైపు సెట్టు దిగిపోయి ముందు లేస్తుంటే వెనక గట్టు అరిగిందని అర్థం, రీలైనింగ్ చేయాలి. దాన్ని అలాగే వదిలేస్తే ఎన్ని రింగులు మార్చినా త్వరగా పాడైపోతాయి.

పెట్టుకునేటప్పుడు నోట్లో వేసుకుని కొరికి బిగించే అలవాటు ఉంటే ఇవాళే మానండి. వంకరగా ఉండగా కొరికితే రింగు చిరుగుతుంది, సెట్టు పగులుతుంది. రెండు వేళ్లతో అటూ ఇటూ సమానంగా నొక్కాలి, తీసేటప్పుడు కూడా రెండు వైపులా ఒకేసారి ఎత్తాలి.

సొంత పళ్లు లేవు కదా అని నోరు కడగడం తగ్గిస్తారు, ఇంప్లాంట్లకు చెడు జరిగేది అక్కడే. పన్ను పుచ్చినట్టు ఇంప్లాంట్ పుచ్చదు, కానీ దాని చుట్టూ గార పేరుకుంటే చిగురు వాచి, లోపల ఎముక కరిగిపోతుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. పూటపూటా మెత్తటి బ్రష్షుతో తల చుట్టూ, చిగురును ఆనుకుని తోమండి. సెట్టును గరుకు టూత్‌పేస్టుతో కాకుండా సబ్బు నీళ్లతో, వేరే బ్రష్షుతో కడగండి, మరిగే నీళ్లు పోస్తే వంకర తిరుగుతుంది. రాత్రి తీసి నీళ్లలో వేసి పడుకోండి. జపాన్‌లో 85 దాటినవాళ్ల మీద చేసిన పరిశోధనలో సెట్టుతోనే నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. ఆరు నెలలకోసారి చూపించుకోండి, ఏడాదికోసారి ఎక్స్‌రే.

ప్రశ్న: మినీ ఇంప్లాంట్లు అంటున్నారు, అవి మంచివేనా?

జవాబు: అవి 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటాయి. ఎముక బాగా సన్నబడినవాళ్లకూ, పెద్ద కోత తట్టుకోలేనివాళ్లకూ పనికొస్తాయి, ఖర్చూ తక్కువ. కింద మామూలుగా రెండుకు బదులు నాలుగు పెడతారు. మామూలు సైజు పట్టే ఎముక ఉన్నప్పుడు నేను మామూలువే ఎంచుకుంటాను.

ప్రశ్న: మా నాన్నగారికి కింద రెండు ఇంప్లాంట్లు ఉన్నాయి. ఇప్పుడు తలకు ఎమ్మారై స్కాన్ చేయాలంటున్నారు. ప్రమాదమా?

జవాబు: టైటేనియంను అయస్కాంతం లాగదు, తీయించుకోవచ్చు. సెట్టు మాత్రం తీసి బయట ఉంచాలి. కొందరికి బాల్, లొకేటర్‌లకు బదులు అయస్కాంతంతో పట్టే బిగింపు పెడతారు, నాన్నగారిది అదే అయితే స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి, చిగురు మీద ఉండే లోహపు ముక్క వల్ల దవడ చుట్టూ ఫొటో చెదిరిపోతుంది, అవసరమైతే స్కాన్‌కు ముందు డెంటిస్టు దాన్ని విప్పి ఇస్తారు. ఏ కంపెనీ ఇంప్లాంట్, ఎంత సైజు, ఏ రకం బిగింపు అన్నది రాసిన కార్డు పెట్టించుకున్న చోట అడిగి తీసుకుని నాన్నగారి మందుల చీటీలతోపాటు ఉంచండి. రేపు ఊరు మారినా, ఆ డాక్టరు అందుబాటులో లేకపోయినా, రింగు మార్చాలంటే కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ కార్డే.